బండ వెనక గది

ఒక పెద్ద అడవిలో నీళ్ల కంటే సలహాలు ఎక్కువ. ఎండాకాలం వస్తే ఉన్న అయిదు మడుగుల్లో మూడు ఎండిపోయేవి. ఏ మూడో ముందుగా ఎవరికీ తెలిసేది కాదు. దాహంతో వెళ్లిన జంతువు ఒక్కోసారి బురద చూసి, అటునుంచి అటే పైకి పోయేది.

ఆ అడవిలో చారయ్య అనే ఉడుత ఉండేవాడు. ఏ పనైనా ఒంటరిగా చేసుకునే రకం. పక్కన ఇంకొకరు ఉంటే పని ఎక్కడ పూర్తయిపోతుందోనని భయం కాబోలు. అతనికో ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే, నేను కాదనను. కొంగలు రోజూ మడుగుల మీదుగా తిరుగుతాయి కదా! నీళ్లున్న మడుగు నుంచి పచ్చాకు, ఎండిన మడుగు నుంచి ఎండుటాకు తెస్తాయి. దారులు కలిసే చోట ఉన్న చదును బండ మీద వాటిని చూసుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లొచ్చు.

దానికి 'నీటి కబురు' అని పేరు పెట్టాడు. బండ తోమి, అయిదు మడుగుల బొమ్మలు గీసి, చుట్టూ ముగ్గేశాడు. రెండు రోజుల్లో పని అయిపోయింది. అడవంతా వచ్చి ముచ్చటపడి వెళ్లింది.

మూడో రోజు సందేహం పుట్టింది. కొంగలు తెచ్చే ఆకుల్ని దాచేదెక్కడ? బండ వెనక ఒక గది ఉండాలి. మనుషుల్లో కంప్యూటర్లవాళ్లు దీన్నే బ్యాకెండ్ అంటారు, దీని కోసమే జుట్టు పీక్కుంటారు. ఉడుతకు పీక్కోవడానికి తోక ఉంది.

అప్పుడే డిప్పవ్వ వచ్చింది. ముసలి తాబేలు.

"నాయనా, ఈ పక్కనున్న నా మడుగు ఇంకో పది పన్నెండు రోజులకు మించి ఆగదు. నా నడకకు ఒక్క ప్రయాణమే. తప్పు మడుగుకు పోయానంటే మళ్లీ వెనక్కి రాలేను. ఎటు పోవాలో చెప్పు."

"కొద్దిగా ఆగు అవ్వా. వెనక గది కుదరలేదు."

"అయిదు ఆకులే కదా నాయనా! బండ మీదే పెట్టి, ఎగిరిపోకుండా తలా ఒక రాయి పెట్టు."

చారయ్య జాలిగా నవ్వాడు. "ఇవాళ అయిదు ఆకులు. రేపు పక్క అడవులు కూడా చేరితే? లక్ష జంతువులు ఒక్కసారిగా వచ్చిపడితే?"

"ఇప్పటిదాకా ఎంతమంది వచ్చారు?"

"నువ్వొచ్చావు కదా," అన్నాడు చారయ్య.

గది వెతుకుతూ ముందుగా చిలక ముక్తాదేవి తొర్రకు వెళ్లాడు. "ఆకు ఇచ్చి వెళ్లండి, మిగతాదంతా మేమే చూసుకుంటాం," అంది ఆవిడ. నిజంగానే చూసుకుంది. ఒక పూటలో అంతా అమరింది. కానీ చారయ్యకు సులువుగా అయిన పని మీద నమ్మకం లేదు.

"రేపు నేను వేరే చోటికి మారాలంటే?"

"మారడం ఎందుకు?"

"ఒకవేళ మారాలంటే?"

"మారడం ఎందుకు?"

ఆ రాత్రి అతనికి నిద్రపట్టలేదు. రెండో రోజే ఆకులు తిరిగి ఇమ్మన్నాడు. "తప్పకుండా. మా పద్ధతిలో ఇస్తాం," అని ముక్తాదేవి ప్రతి ఆకునూ ముక్కుతో గోరంత ముక్కలు చేసి దోసిట్లో పోసింది. ఏ ముక్క ఏ మడుగుదో బ్రహ్మకే తెలియాలి.

తర్వాత ఏనుగు మత్తేభం గారి గుహలు. "నాలుగు వందల గదులు. లక్ష కాదు, కోటి జంతువులు రానీ!" అన్నాడాయన.

"నాకు ఒక్కటి చాలండి."

"ఒక్కటే వాడుకో. తాళాలు మాత్రం నాలుగు వందలకూ నువ్వే వేసుకోవాలి. అది మా నియమం."

చారయ్య నాలుగు రోజులు తాళాలు వేశాడు. అయిదో రోజు తన ఆకులున్న గది ఏదో తనకే తెలియలేదు. కొంగలు రెండుసార్లు ఆకులతో వచ్చి, తీసుకునే నాథుడు లేక, అక్కడే పడేసి పోయాయి. గాలికి అవి లేచిపోయాయి. డిప్పవ్వ మళ్లీ వచ్చి, ఖాళీ బండ చూసి తిరిగి వెళ్లింది. అది చారయ్యకు గుచ్చుకుంది. గుచ్చుకుంది గనకే ఇంకా గొప్ప గది కావాలనుకున్నాడు.

"ఎవర్నీ నమ్మకు. సొంతంగా తవ్వుకో. నేను తవ్వుకోలా?" అన్నాడు ముళ్లపంది సూరయ్య.

"నీ గదిలో ఏం దాచావు?"

"ఇంకా తవ్వుతున్నా."

బండ పక్కనే ఎండిన వాగు ఉంది. ఇసుక గనక తవ్వడం సులువని చారయ్య అక్కడే మొదలుపెట్టాడు. అయిదు రోజులు తిండి మానేసి తవ్వాడు. నిలువెత్తు దిగాక, కొత్తగా తెప్పించిన ఆకుల్ని మురిపెంగా లోపల పేర్చాడు. పొద్దున్నే చూస్తే ఆకులు తేలుతున్నాయి. గుంట నిండా నీళ్లు ఊరాయి. చల్లటి, తేటైన నీళ్లు.

చారయ్య నెత్తి బాదుకున్నాడు. "అయ్యో, నా గది మునిగిపోయిందే!"

అంతలో డిప్పవ్వ వచ్చింది. ఆవిడ మడుగు ముందురోజే ఎండిపోయింది. కళ్లు లోతుకుపోయాయి, పెదాలు పగిలాయి. ఆఖరిసారి అడిగి చూద్దామని బయల్దేరి, తడి వాసన పట్టుకుని గుంట అంచుకు చేరింది.

"దిగకు అవ్వా! అందులో కబుర్లున్నాయి!" అని అరిచాడు చారయ్య.

అవ్వ అప్పటికే దిగింది. కడుపునిండా తాగి, తల మీదికి తేలివచ్చిన ఎండుటాకును పక్కకు తోసి అంది: "ఇసుకలో తవ్వితే చెలమ పడుతుందని మా అమ్మ చెప్పేది. ఈ వయసులో నాకు తవ్వే శక్తి లేదు. నువ్వు తవ్వావు. చల్లగా ఉండు నాయనా."

ఆ దీవెన చారయ్య చెవికెక్కలేదు. అతను బండ దగ్గరికి పరిగెత్తి బొగ్గుతో రాస్తున్నాడు: 'వెనక గదిలో నీళ్లు చేరినందున నీటి కబురు నిలిపివేయబడింది. కొత్త గది కోసం వెతుకుతున్నాం. అసౌకర్యానికి చింతిస్తున్నాం.'

కాసేపటికి తల్లీపిల్లా రెండు జింకలు వచ్చాయి. బండ చదివి, నిట్టూర్చి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న చెలమను పాడైన గదే అనుకుని దాటుకుని ఉత్తరం మడుగుకేసి ఎండలో నడిచాయి. అది ఎండిపోయి అప్పటికి వారమైంది.

నీతి: దాహం ఎవరికైనా తీరుతుంది, ముందు వెనక గది కుదరాలి.