చూడకుండా కొట్టాలి

టైపు మాస్టారు ఆ రోజుకు వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదింటికి కంప్యూటర్లో వీడియో కాల్ యాప్ ఎక్కించడం, పదింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, పదకొండింటికి తనిఖీ అధికారికి ముఖం చూపించడం. ఈ ఏడాది అధికారి కదిలి రారు. కూర్చున్నచోటి నుంచే చూస్తారట. చూసి సరేనంటేనే ఇంటి ముందు గదిలో నడిచే టైపు ఇన్‌స్టిట్యూట్‌కు మళ్లీ గుర్తింపు వస్తుంది. రాకపోతే వచ్చే నెల పరీక్షకు ఆరుగురు విద్యార్థులు కూర్చోలేరు. ఆపైన మాస్టారు ఖాళీగా కూర్చోవాలి.

కంప్యూటర్ పాతది. పారేయబోతే బావమరిది అడ్డుపడి, అందులో విండోస్ తీసేసి లినక్స్ వేసి ఇచ్చాడు. అతను లిఫ్టు మెకానిక్. ముసలి ఎద్దుకు తేలిక కాడి కడితే నడుస్తుందన్నాడు. ఎద్దు నడిచింది. కానీ దించుకున్న యాప్ మీద ఎన్నిసార్లు నొక్కినా అది తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే బావమరిది ఏదో లిఫ్టు గుంతలో ఉన్నాడు. తెర మీద ఆదేశాలు కొట్టే నల్ల కిటికీ ఒకటి తెరవమన్నాడు, అందులో కొట్టాల్సిన వరుస చెప్పాడు, తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుందన్నాడు.

"అక్క పేరు బావా, పక్కనే మీ పెళ్లి సంవత్సరం" అన్నాడు. ఆ మాటతో లైన్ తెగింది.

మాస్టారు వరుస కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగింది. అదీ కొట్టాడు. తెర మీద అక్షరం కాదు కదా, చుక్క కూడా పడలేదు. ఏమీ లేని వరుసకు ఎంటర్ నొక్కే అలవాటు ఆయనకు లేదు. నొక్కలేదు.

అప్పటిదాకా పనిచేసిన కీబోర్డు అంతలోనే చచ్చిందని తేల్చి, టైపు మిషన్ల స్క్రూడ్రైవర్ తెచ్చి కీలన్నీ ఊడదీశాడు. భార్య వాటిని సబ్బునీళ్లలో కడిగి జల్లెడలో ఆరబోసింది. పక్కనున్న ఫోటో స్టూడియో నుంచి ఇంకో కీబోర్డు వచ్చింది. పాస్‌వర్డ్ దగ్గరికి రాగానే అదీ పలకలేదు. ఫోటోగ్రాఫర్ దాన్ని తన కొట్టుకు పట్టుకెళ్లి చూసుకున్నాడు. అక్కడ పనిచేసింది. దాన్ని తిరిగి తెచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మా దాంట్లో ఏ దోషమూ లేదు మాస్టారూ. మీ ఇంటి కరెంటే తేడాగా ఉంది."

మాస్టారికి ఆ మాట నచ్చింది. తప్పు కరెంటుదైతే తనది కాదు. మెయిన్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేశాడు. ముసలి ఎద్దు లేచి నిలబడేసరికి పది నలభై అయింది. ఇస్త్రీ మధ్యలో ఆగిన చొక్కాకు ఒక చెయ్యి ముడతలతో మిగిలింది. ఆరుగురు విద్యార్థులూ వచ్చి మిషన్ల ముందు కూర్చున్నారు.

మళ్లీ వరుస, మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ ఏమీ లేదు. ఇక మీటరు బోర్డు విప్పాల్సిందేనన్నాడు ఫోటోగ్రాఫర్.

ఈలోగా భార్య లోపల తమ్ముడితో ఫోన్లో మాట్లాడి వచ్చింది. పెళ్లికి ముందు ఆమె ఈయన దగ్గరే టైపు నేర్చుకుంది. చేతుల మీద గుడ్డ కప్పి కొట్టించేవాడు. కళ్లతో కాదు, వేళ్లతో కొట్టాలన్నది ముప్పై ఏళ్లుగా ఆయన అందరికీ చెప్పే పాఠం.

"పాస్‌వర్డ్ కనబడదట. కనబడకపోయినా పడుతుందట" అంది. "అప్పుడు మీరు నాకు గుడ్డ కప్పారు. ఇప్పుడు అది మీకు కప్పింది. కొట్టండి."

ఆరు మిషన్ల చప్పుడూ ఆగింది. మాస్టారు కొట్టి, ఎంటర్ నొక్కాడు. తప్పు, మళ్లీ కొట్టమంది కంప్యూటర్.

"ఏ సంవత్సరం కొట్టారు?"

మాస్టారు గోడ గడియారం వైపు చూశాడు. పదకొండుకు నాలుగు నిమిషాలుంది.

"లేవండి" అంది ఆమె. కుర్చీలో కూర్చుని, తెర వంక గానీ కీల వంక గానీ చూడకుండా, ఆయన మొహం వైపే చూస్తూ కొట్టింది. నల్ల కిటికీలో అక్షరాలు చీమల బారులా కదిలాయి. యాప్ ఎక్కింది.

సరిగ్గా పదకొండింటికి కాల్ కలిసింది. ముడతల చెయ్యి కనబడకుండా మాస్టారు పక్కకు తిరిగి కూర్చున్నాడు. తెర మాత్రం నల్లగానే ఉంది.

"మాస్టారూ, నాకు మీ బొమ్మ రావట్లేదు" అంది అధికారి గొంతు, కాస్త తగ్గి. "పొద్దున్నుంచి ఇక్కడ నలుగురం ఈ యాప్‌తో కుస్తీ పడుతున్నాం. ఈ మాట బయట అనకండి. మీ వాళ్లని కొట్టమనండి, వింటాను."

ఆరుగురూ కొట్టారు. అధికారి రెండు నిమిషాలు విని, మిషన్లు ఆరేనా అని అడిగి, ఇక చాలన్నారు.

వారం తిరక్కుండా గుర్తింపు పత్రం వచ్చింది. "కేంద్రమును స్వయముగా, క్షుణ్ణముగా చూచి సంతృప్తి చెందడమైనది" అని అందులో ఉంది. టైపు ఒక్క తప్పు లేకుండా కొట్టారని మాస్టారు మెచ్చుకున్నాడు.