కుడి చెవిలో స్థిర నివాసం

గుమ్మడి సీతంనాయుడు కుడి చెవిలో కాపురముంటున్న సూక్ష్మక్రిములకు తామరవలస మున్సిపాలిటీ ఆగస్టు నెల రెండో గురువారం నాడు స్థిర నివాస ధ్రువపత్రం మంజూరు చేసింది. అప్పటికే ఊళ్ళో అలాంటి పత్రాలు నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి కాబట్టి దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. వాటిలో ఎక్కువ భాగం చిగుళ్ళకూ, పుళ్ళకూ, మూత్ర సంబంధమైన చిరునామాలకూ ఇచ్చినవి. చెవికి ఇవ్వడం మాత్రం అదే మొదలు. అందుకని రిజిస్టరులో కొత్త పేజీ తీయవలసి వచ్చింది.

సీతంనాయుడుకి నలభై రెండేళ్ళు. మున్సిపాలిటీ వినతుల విభాగంలో గుమాస్తా. అతని ఉద్యోగం వినడం. కుళాయి రాని వాళ్ళూ, వీధి దీపం వెలగని వాళ్ళూ వచ్చి అతని ఎదుట కూర్చుని చెప్పుకునేవారు. అతను మధ్యలో అడ్డు రాకుండా, తల పంకిస్తూ, చివరి మాట దాకా వినేవాడు. కుళాయి రాకపోయినా జనం మనసు తేలికపడి ఇంటికి వెళ్ళేవారు. ఆఫీసులో అతనికి మంచి పేరుంది. ఇంట్లో భార్య కుసుమ, ఆరేళ్ళ కూతురు రోహిణి. తనకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదని అతను అప్పుడప్పుడు పైకే అనేవాడు.

జులై ముసుర్లలో అతనికి కుడి చెవి పోటు మొదలైంది. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు డాక్టర్ హైమవతి దగ్గరికి వెళ్ళాడు. ఆమె చెవిలోకి లైటు వేసి చూసింది.

“లోపల చీము పట్టింది. పెన్సిలిన్ గానీ ఆ జాతి మందులు గానీ ఎప్పుడైనా పడలేదా మీకు? దద్దుర్లు, ఆయాసం లాంటివి?”

“లేదండి.”

“అయితే అమాక్సిసిలిన్ రాస్తున్నాను. రోజుకి మూడు, ఏడు రోజులు. ఎనిమిదేసి గంటలకి ఒకటి. ఒక పూట మరిచిపోతే రెండు కలిపి మింగొద్దు. ఒంటి మీద దద్దుర్లు లేచినా, మొహం వాచినా ఆపేసి వెంటనే రండి. అలాంటిదేమీ లేకపోతే మాత్రం, నొప్పి తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి. ఇంకొకళ్ళకి ఇవ్వకండి.”

“అలాగేనండి,” అన్నాడు సీతంనాయుడు. ఎవరు ఏం చెప్పినా అతను శ్రద్ధగా వింటాడు. విన్నదాని మీద చర్య తీసుకోవడం వేరే విభాగం పని.

మూడో రోజు సాయంత్రానికి నొప్పి పూర్తిగా పోయింది. నాలుగో రోజు పొద్దున కుసుమ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.

“తగ్గిపోయింది కదే. ఇంకేటికి మందు?” అన్నాడతను, దోసె తుంచుకుంటూ.

“ఏడు రోజులన్నారు కదండీ.”

“అన్నారు. వాళ్ళు అలాగే అంటారు.”

మిగిలిన పన్నెండు గొట్టం మాత్రలూ అలమరలో బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళాయి. వారం తిరక్కుండానే అందులో నాలుగు ఎదురింటి బ్యాంకు ఉద్యోగి జలుబుకి వెళ్ళాయి. ఆ జలుబు దాని మానాన అది ఐదు రోజులకి తగ్గింది. ఎదురింటాయన మందు అద్భుతంగా పనిచేసిందని వచ్చి మరీ చెప్పి వెళ్ళాడు. మరో రెండు ఆఫీసులో పంటి నొప్పితో బాధపడుతున్న టైపిస్టుకి ఇచ్చాడు. నలుగురికి ఉపయోగపడ్డానన్న తృప్తితో సీతంనాయుడు ఆ నెలంతా హాయిగా ఉన్నాడు.

మందు ఆపేసిన పదకొండో రోజున, ఆఫీసులో వీధి దీపం గురించి ఒకావిడ చెబుతుంటే వింటున్నాడు. కుడి చెవి లోపల్నుంచి ఎవరో మర్యాదగా దగ్గినట్టు అనిపించింది.

“అయ్యా, తమరికి తీరిక అయ్యాక మాదీ ఒక మనవి ఉందండి.”

అతను ఆవిడ మాట పూర్తిగా విన్నాడు. నంబరు వేసి పంపించాడు. తర్వాత కొత్త కాగితం తీసుకుని, చెప్పండి అన్నాడు.

చెవిలో వాళ్ళు చెప్పింది ఇది. మొదట వాళ్ళు కోట్లలో ఉండేవారు. మందు వచ్చిన మొదటి రోజునే చాలామంది పోయారు. రెండో రోజు ఇంకొందరు. మూడో రోజు సాయంత్రానికి ఆ మందు నడవడి తెలిసిన గట్టివాళ్ళు కొద్దిమంది మిగిలారు. వాళ్ళు కూడా ఇక పోక తప్పదని మూటా ముల్లే సర్దుకున్నారు. నాలుగో రోజు పొద్దున మందు రాలేదు. మర్యాద కోసం సాయంత్రం దాకా ఎదురుచూశారు. అప్పుడూ రాలేదు. సర్దిన మూటలు విప్పుకున్నారు. ఇప్పుడు వాళ్ళ పిల్లలకి ఆ మందు మొహం పుట్టుకతోనే తెలుసు. కాబట్టి తమ నివాసాన్ని ప్రభుత్వం వారు గుర్తించవలసిందిగా కోరుతున్నారు.

“ఎంతమంది అని వేయమంటారు?” అడిగాడు సీతంనాయుడు.

“తమరు అంకె రాసేలోపు మారిపోతుందండి. సుమారు అని వేసుకోండి.”

ఆ కాగితం నివాసాల విభాగం సూపరింటెండెంట్ ప్రభావతి గారి బల్ల మీదికి వెళ్ళింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, అతన్ని పిలిపించింది.

“కోర్సు ఎన్నో రోజున ఆపేశారు నాయుడు గారూ?”

“మూడు రోజులు వాడానండి.”

“డాక్టరు ఆపమన్నారా? మందు పడలేదా?”

“లేదండి. బాగానే ఉందనిపించింది.”

“అయితే ‘యజమాని సొంత తృప్తి మీద’ అన్న గడిలో టిక్కు పెట్టండి. అందరిదీ అదే గడి. మిగతా గడులు ఎందుకు అచ్చువేశారో నాకిప్పటికీ తెలీదు.” ఆవిడ ముద్ర వేసి, దవడ నిమురుకుంది. “నా చిగుళ్ళకి పోయినేడే అయింది. మొదట కొంచెం సలుపుతుంది. తర్వాత అలవాటైపోతుంది.”

ఆ పత్రం వల్ల వాళ్ళకి వచ్చిన హక్కు ఒక్కటే. ఇక మీదట అమాక్సిసిలిన్ వాళ్ళ గుమ్మంలోకి వస్తే, పత్రం చూపించాలి. చూసిన మందు వెనక్కి వెళ్ళిపోవాలి.

సీతంనాయుడికి పెద్దగా తేడా తెలియలేదు. కుడివైపు మాటలు దుప్పటి అడ్డం పెట్టినట్టు వినిపించేవి. అప్పుడప్పుడు చెవి కారితే దూది పెట్టుకునేవాడు. లోపలివాళ్ళు గొడవ చేసే రకం కాదు. నొప్పి లేనప్పుడు బాధేముంది అనుకున్నాడు.

సెప్టెంబరు చివర్లో రోహిణికి జలుబు చేసింది. రెండు రోజుల తర్వాత జ్వరం వచ్చింది, ఆ వెంటనే చెవి పోటు. పిల్ల చెవి మీద చెయ్యి పెట్టుకుని, ఏడవడానికి కూడా ఓపిక లేక, తండ్రి భుజం మీద వాలి మూలిగింది. సీతంనాయుడు బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. లోపల ఆరు గొట్టాలున్నాయి.

“సగం విప్పి తేనెలో కలిపి పెడదాం,” అన్నాడు.

కుసుమ డబ్బా అతని చేతిలోంచి తీసుకుంది. “పెద్దవాళ్ళ మందండి అది. దాని ఒళ్ళెంత, అదెంత? పిల్లల బరువు చూసి కదా ఇస్తారు. పదండి, డాక్టరమ్మ దగ్గరికి.”

హైమవతి పిల్లని తూచింది. పద్దెనిమిది కిలోలు. ఇదివరకు ఏ మందూ వికటించలేదని కుసుమని అడిగి తెలుసుకుని, ఆ బరువుకి సరిపడా అమాక్సిసిలిన్ టానిక్కు రాసింది. కుసుమ సీసా కుదిపి, దాంతో ఇచ్చిన కొలత మూతతోనే, గడియారం చూసుకుని తాగించింది. ఒక్క చుక్క ఎక్కువా తక్కువా కాలేదు. అయినా మూడో రోజుకి జ్వరం తగ్గలేదు. చెవిలోంచి చీము కారడం మొదలైంది.

ఆ సాయంత్రం రోహిణి తండ్రిని దగ్గరికి రమ్మంది.

“నాన్నా, నా చెవిలో ఎవరో నీ పేరు చెప్తన్నారు.”

“ఏమనమ్మా?”

“‘మేము నాయుడు గారి తాలూకు. మాకు కాగితముంది’ అంటన్నారు. మందు వచ్చి చూసి ఎలిపోయింది.”

పన్నెండేళ్ళ సర్వీసులో సీతంనాయుడు వేల మొరలు విన్నాడు. తన పేరు మీద వచ్చిన మొర ఇదే మొదలు. తను దగ్గినప్పుడో, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దులు పెట్టినప్పుడో వాళ్ళు గడప దాటి ఉంటారు. గెజిటెడ్ అధికారి సంతకంతో సహా నకలు తీసుకుని మరీ దాటారు.

మర్నాడు పొద్దున్నే ప్రభావతి గారి దగ్గరికి వెళ్ళి, పత్రం రద్దు చేయమని అడిగాడు. ఆవిడ నిజంగానే బాధపడింది. కుర్చీ చూపించి, టీ తెప్పించింది.

“జారీ చేయడమే మన పని నాయుడు గారూ. రద్దు చేసే విభాగం పెట్టలేదు. పెట్టాలని ఎవరూ అడగలేదు.”

హైమవతి మాత్రం రోహిణి చెవిలోంచి కారిన చీముని దూది పుల్లతో తీసి పరీక్షకి పంపింది. మూడు రోజుల్లో జాబితా వచ్చింది. ఏయే మందులకి లోపలివాళ్ళ దగ్గర కాగితాలున్నాయో వాటి మీద అడ్డ గీతలున్నాయి. గీతలు ఎక్కువే ఉన్నాయి. ఆమె వేలితో కిందికంటా వెతికి ఒక పేరు దగ్గర ఆగింది.

“దీనికి ఇంకా ఫారం పుట్టలేదు. పది రోజులు ఇవ్వాలి. జ్వరం తగ్గిందని ఆపితే, వీళ్ళకి దీని మొహం కూడా గుర్తుండిపోతుంది. ఆ తర్వాత నా దగ్గర రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు.”

కుసుమ వంటగదిలో క్యాలెండరు మీద పది గళ్ళు గుర్తుపెట్టుకుంది. నాలుగో రోజుకి జ్వరం పోయింది. ఐదో రోజున రోహిణి మంచం మీద గెంతడం మొదలుపెట్టింది. సీతంనాయుడు ఆ సంతోషంలో, “తగ్గిపోయింది కదే,” అన్నాడు. కుసుమ తల తిప్పి అతన్ని చూసింది. అతను పేపరు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

పదో రోజు చివరి మోతాదు అయ్యాక కుసుమ సీసా కడిగి పారేసింది. మర్నాడు పొద్దున రోహిణి పీట మీద కూర్చుని, చాలాసేపు తల ఒక పక్కకి వంచి ఉంది.

“ఎలిపోయారమ్మా,” అంది. “ఎవ్వరూ లేరు. కుక్కరు కూత గట్టిగా వినిపిస్తంది.”

ఆ రోజు ఇంట్లో సేమ్యా పాయసం చేశారు. డాక్టరుకి చూపించడానికి తీసుకెళితే, ఆమె పిల్ల చెవి చూసి నవ్వింది. తర్వాత సీతంనాయుడు చెవిలోని దూది చూసి, అడక్కుండానే చీటీ తీసుకుంది.

“మీకూ అదే మందు, పది రోజులు. మీ దగ్గర ఉన్నంతకాలం వాళ్ళు మళ్ళీ పాప దగ్గరికి రారని చెప్పలేను.”

“తప్పకుండా వాడతానండి,” అన్నాడతను. ఈసారి నిజంగా వాడాలనే అనుకున్నాడు. ఆ మాటే భార్యకీ చెప్పి, వాళ్ళిద్దరినీ ఆటో ఎక్కించి, తాను మందుల షాపు వైపు నడిచాడు.

షాపు ముందు ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. సాయంకాలం గాలి చల్లగా ఉంది. ఎవరికీ తొందర లేదు. షాపాయన సత్తిబాబు కత్తెరతో మాత్రల అట్టని రెండేసి, మూడేసిగా కత్తిరించి ఇస్తున్నాడు. కత్తిరించిన ముక్కతో పాటు పసుపు రంగు కాగితం ఒకటి మడిచి పెడుతున్నాడు. నివాస దరఖాస్తు కోసం జనం ఆఫీసు దాకా తిరగకుండా మున్సిపాలిటీ వాళ్ళే షాపులకి సరఫరా చేశారు. మొదటి విడత ఐదు వేలు పది రోజుల్లో అయిపోయాయట.

ముందున్న స్కూలు మాస్టారికి రెండు రోజుల్నుంచి పొడి దగ్గు. చీటీ లేదు. “ఏదో ఒకటి గట్టిది రెండియ్యి, చాలు,” అన్నాడు. ఫారం అక్కడే నింపి, సాక్షి సంతకానికి చుట్టూ చూశాడు. సీతంనాయుడు మున్సిపాలిటీ మనిషి కదా అని అతనికే అందించాడు. అతను బల్ల మీద ఆనించి, అందంగా సంతకం చేసి ఇచ్చాడు. మాస్టారు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

సత్తిబాబు సీతంనాయుడి చీటీ చదివాడు. “పది రోజులకా నాయుడు గారూ?”

సీతంనాయుడు ఒక్క క్షణం ఆలోచించాడు. పిల్ల బాగుంది. ఇంట్లో పాయసం ఇంకా ఉంది. చెవిలో నొప్పి అనేది లేనే లేదు. మనసు ఎంతో నిండుగా ఉంది.

“ముందు మూడు రోజులకివ్వు. చూద్దాం,” అన్నాడు.

సత్తిబాబు తలూపి అట్ట కత్తిరించాడు. కాగితం మడవబోయి ఆగాడు.

“ఫారం ఇప్పుడే నింపేస్తారా, మూడు రోజులయ్యాక నింపుతారా?”

“ఇప్పుడే నింపేస్తే ఒక పనైపోతుంది కదా,” అంటూ సీతంనాయుడు జేబులోంచి పెన్ను తీశాడు. వెనకనున్నవాళ్ళు అతనికి రాసుకోవడానికి వీలుగా కాస్త పక్కకి జరిగి, తమకీ తలొక ఫారం ఇమ్మని సత్తిబాబు వైపు చేతులు చాపారు.