రంగం జాడీ

ఆ ఆదివారం పొద్దున్న సోములు చెయ్యాల్సిన పని చిన్నదే. భార్య సత్యవేణి మామిడికాయలు కొట్టించుకుని బజారు నుంచి వచ్చేలోగా అటక మీదున్న జాడీ దించి, తుడిచి పెట్టాలి. తాత బర్మాలోని రంగం నుంచి ఓడలో తెచ్చాడని చెప్పుకునే జాడీ అది. తెల్లటి మెరుపు పూత, దాని మీద నీలిపూలు. వేసవిలో ఆ చల్లటి పూతకు చెంప ఆనించుకుంటూనే సోములూ, అతను అప్పా అని పిలిచే అక్క లోవమ్మా పెరిగారు. అమ్మ పోయాక లోవమ్మ ఏటేటా పుట్టింటికి వచ్చేది అందులో పెట్టిన ఆవకాయ కోసమే.

సోములు దిగాడు. జాడీ అతనికంటే ముందే దిగిపోయింది.

పెంకులు గోనెసంచిలో దాచి నర్సీపట్నం బజారుకు పరుగెత్తాడు. కొట్లో నీలిపూలవి లేవు. పైన గోధుమరంగు, కింద తెలుపు ఉన్న మామూలు జాడీయే దొరికింది. దాన్నే తెచ్చి, మూతి దాకా అమ్మ పాత చీర చుట్టేశాడు.

"ఏటండీ, జాడీకి సీర కట్టేరేటి?" అంది సత్యవేణి.

"అమ్మ కల్లోకొచ్చింది. సలేస్తంది, కప్పమంది."

"ఎండాకాలంలోనా?"

"అమ్మతో వాదించగలనేటి?"

సత్యవేణి వెంటనే జాడీకి బొట్టు పెట్టింది. కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి అప్పలలక్ష్మి కొబ్బరికాయ కొట్టింది. మధ్యాహ్నానికి వీధిలోని ఆడవాళ్లంతా మందార పూలతో వచ్చారు. సత్యవేణి ఫోను చేయడంతో, వచ్చేవారం రావాల్సిన లోవమ్మ ఎస్. రాయవరం నుంచి ఏడుస్తూ దిగింది.

"అమ్మ నీకే కనపడిందేట్రా? బేగి సూడనీ!" అంటూ చీర లాగేసింది.

సోములు కళ్లు మూసుకున్నాడు. అప్ప ఇక ఈ గడప తొక్కదనుకున్నాడు.

"ఒరే సోములూ... ఇదెక్కడ దొరికిందిరా?"

"అప్పా, అదీ..."

"తాత తెచ్చిన జాడీ ఇలాగే ఉండీదిరా! నువ్వు పుట్టకముందు నాను పగలగొట్టీసినాను. తాత గుండె ఆగిపోద్దని అమ్మ యలమంచిలి పరిగెత్తి నీలిపూలది తెచ్చింది. తాతకి సూపు ఆనదు గదా, తడిమి సూసి నాదేనన్నాడు. ఎవులికీ సెప్పొద్దని అమ్మ నాసేత ఒట్టేయించుకుంది."

లోవమ్మ జాడీకి చెంప ఆనించి ఏడ్చింది. అమ్మ కూడా ఇలాగే భయపడి బజారుకు పరుగెత్తిందని తెలిసి సోములుకూ ఏడుపొచ్చింది. అప్ప పక్కన కూలబడి, రెండో వైపు చెంప ఆనించాడు.

"అమ్మే పంపించిందిరా," అంది లోవమ్మ.

"అవునప్పా," అన్నాడు సోములు, జాడీ అడుగునున్న నర్సీపట్నం కొట్టు స్టిక్కరును గోటితో గీకుతూ.