కరెంటు కుంపటి

ఆ రోజు ఉదయం కృపాదానం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి మొదలయ్యేలోపు అలీ సాహెబు దుకాణానికి వెళ్లి, ఎవరి ప్రాణం మీదికీ తేని కరెంటు హీటరు ఒకటి ఎంచి, ఇంటికి తెచ్చి పురిటి గదిలో పెట్టించి, నిశ్చింతగా పాఠాలు చెప్పుకోవడం. ఆయన జన్మలో ఏ పనీ నిశ్చింతగా చేసిన మనిషి కాదు గనక, ఆ చివరి భాగమే కాస్త అనుమానం.

కూతురు నిర్మల తొలి కాన్పుకు పుట్టింటికి, నరసరావుపేటకు వచ్చింది. మగపిల్లవాడు పుట్టాడు. డిసెంబరు నెల. మాస్టారి భార్య లీలావతమ్మ గది తలుపులూ కిటికీలూ బిగించి, బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టడానికి సిద్ధమైంది. మాస్టారు ససేమిరా అన్నారు. పోయిన చలికాలం పక్క వీధిలో ఇలాగే మూసిన గదిలో పొగ పట్టి తల్లీబిడ్డా స్పృహ తప్పితే, తలుపు పగలగొట్టినవాళ్లలో ఆయనా ఉన్నారు. వాళ్లిద్దరూ బతికి బట్ట కట్టారు గాని, మాస్టారు మాత్రం అప్పట్నించీ కుంపటి కనిపిస్తే చాలు, బయట పెట్టించేస్తారు.

"కుంపటి లేకుండా పురుడేందండీ? మా అమ్మ నన్నట్టాగే కాచింది. నేను బతకలా?" అంది లీలావతమ్మ.

"బతికావు. అందుకే నీతో వాదించాల్సొస్తంది" అన్నారు మాస్టారు, చొక్కా వేసుకుంటూ.

దేశం వదిలి వెళ్లిపోతున్న తెల్లదొరలు అమ్ముకున్న సామానులో రెండు హీటర్లు అలీ సాహెబు దుకాణానికి చేరాయి. ఒకటి వెనక ఇత్తడి పళ్లెంతో తళతళలాడుతోంది. దాని ఎర్రటి తీగకు అడ్డూ ఆపూ లేదు. రెండోది నల్లగా, పొట్టిగా, ముందు ఇనప జల్లెడతో ఎలుకల బోను మాదిరి ఉంది.

"ఈ ఇత్తడిది చూడండి మాస్టారూ. గదికే అందం!" అన్నాడు అలీ సాహెబు.

మాస్టారు దాన్ని చిటికెన వేలితో తోశారు. అది బోర్లా పడింది. నల్లదాన్ని వేలితో తోశారు, చేత్తో తోశారు, చివరికి కాలితో కూడా తోశారు. అది కదల్లేదు. జల్లెడలోకి వేలు దూరుతుందేమోనని ప్రయత్నించారు. ప్లగ్గు తీగకు చుట్టిన గుడ్డ ఎక్కడైనా చిరిగిందేమోనని కళ్లజోడు పెట్టుకుని జానెడు జానెడే చూశారు.

"మీరు హీటరు కొంటన్నారా, అల్లుణ్ణి ఎంచుకుంటన్నారా?"

"అల్లుణ్ణి ఇంత చూడలేదు అలీ సాహెబూ" అన్నారు మాస్టారు నిజాయితీగా.

నల్లది ఇంటికొచ్చింది. మంచానికి ఎడంగా గోడ వారన కూర్చుంది. మాస్టారు భార్యను ఎదురుగా నిలబెట్టి పాఠం చెప్పారు. "దీని మీద గుడ్డలు ఆరెయ్యమాక. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోమాక. దీని మీద నీళ్లు పడితే మనందరం పోతాం. కుంపటి ఊసెత్తమాక."

"అట్టాగే" అంది లీలావతమ్మ. అన్న మాట ప్రకారం ఆయన చెప్పినవాటిలో ఒక్కటీ జవదాటలేదు. సాంబ్రాణి సంగతి ఆయన చెప్పనే లేదు.

చర్చిలో సాంబ్రాణి పొగ ఎరగని ప్రొటెస్టెంట్లే అయినా, నీళ్లు పోసిన పసిబిడ్డ తల ఆరబెట్టడానికి మాత్రం వాళ్లకూ సాంబ్రాణే దిక్కు. కుంపటి లేదు కదా, నిప్పు ఎక్కడ? ఎదురుగా తీగ ఎర్రగా కాలుతూనే ఉంది. లీలావతమ్మ మనవడికి నీళ్లు పోసి, తుడిచి, గుడ్డ చుట్టి చంకనేసుకుని, గుప్పెడు సాంబ్రాణి జల్లెడ సందుల్లోంచి తీగ మీద వేసింది. అది చిటపటలాడి, కరిగి, తీగకు అంటుకుని, గది నిండా చిక్కటి పొగ కక్కింది.

కేక విని పక్కింటి సుబ్బరత్నం నీళ్ల బిందెతో పరుగెత్తుకొచ్చింది.

"నీళ్లు పొయ్యమాక వదినా! అందరం పోతామంట!"

"అయితే స్విచ్చి కట్టెయ్యవే!"

"నాయి తడి చేతులే!"

"నాయీ తడే!"

చివరికి లీలావతమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని స్విచ్చి కట్టింది గాని, పొగ తగ్గలేదు. వీధిలో పోతున్న నలుగురు మగవాళ్లు లోపలికి దూకారు. నిర్మల లేవబోయింది. బాలింత నేల మీద కాలు పెట్టకూడదనీ, గాలి అసలే తగలకూడదనీ తల్లి ఆమెను మళ్లీ పడుకోబెట్టి, తల నుంచి పాదాల దాకా తెల్ల దుప్పటి కప్పేసింది. నలుగురూ మంచం నాలుగు కోళ్లూ పట్టి బయటికి మోశారు. వెనక పొగకు కళ్లు మండి, బిడ్డను పొదువుకుని, బొటబొటా నీళ్లు కారుస్తూ లీలావతమ్మ. చుట్టూ సాంబ్రాణి వాసన.

ఎదురుగా చర్చి ఆవరణ. ఏలియా అక్కడ చెక్క చిత్రిక పడుతున్నాడు. ఆ చర్చికి గంట కొట్టేదీ అతనే, పోయినవాళ్లకు పెట్టె చేసేదీ అతనే. తలెత్తి చూశాడు. తలగుడ్డ తీశాడు. ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు, తిన్నగా వెళ్లి గంట తాడు పట్టుకున్నాడు.

బడిలో మాస్టారు బోర్డు మీద లెక్క వేస్తుండగా గంట మోగింది. ఒక్కొక్క దెబ్బే, మధ్య చాలా ఎడంతో. అది ఎవరో పోయినప్పుడు కొట్టే గంట. మాస్టారు సుద్దముక్క కింద పెట్టి, పిల్లలందర్నీ లేపి, పోయినవాళ్ల ఇంటివాళ్ల ఓదార్పు కోసం ప్రార్థన చేశారు. ఆమేన్ అన్నాక గుమ్మంలో నిలబడ్డ బంట్రోతు బాబూరావును అడిగారు. "ఎవరంటయ్యా?"

బాబూరావు నేల చూపులు చూశాడు. "మీ ఇంటికాడే అంటన్నారండీ. పాపం, పసిబిడ్డకి తల్లి లేకుండా పోయిందంట."

మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తారు. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన. కుంపటి వద్దన్నది తను. ఆ నల్లదాన్ని ఎంచింది తను. తన చేతులతో తెచ్చి బిడ్డ గదిలో పెట్టిందీ తనే. దారిలో ఎదురైనవాళ్లు పక్కకు తప్పుకుని దణ్ణం పెడుతుంటే ఆయన ఇంకా వేగంగా పరుగెత్తారు.

వాకిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. విషయం తెలియనివాళ్లు వెనక నిలబడి ఏడుస్తున్నారు. తెలిసినవాళ్లు ముందు నిలబడి సాంబ్రాణి గురించి వాదిస్తున్నారు. మాస్టారు అందర్నీ తోసుకుంటూ వెళ్లి మంచం పక్కన కూలబడి, "అమ్మా నిర్మలా!" అని దుప్పటి లాగేశారు.

నిర్మల ముఖమంతా చెమట. చెవులకు కట్టిన గుడ్డ పీకేసి, లేచి కూర్చుంది.

"నాన్నా, ఏడవమాక. ఆ దుప్పటి మళ్లీ కప్పమాక."

మాస్టారు కూతురి చేతులు పట్టుకున్నారు. తర్వాత మనవణ్ణి అందుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు. వాడు ఆవలించి నిద్రలోకి జారుకున్నాడు. అందరి ముందూ, ఏ మాత్రం సిగ్గుపడకుండా ఏడ్చేశారు. లీలావతమ్మ కూడా ఏడ్చింది, ఈసారి పొగ లేకుండానే.

ఇంతలో ఏలియా పెట్టెకు కొలత తీసే తాడుతో వచ్చాడు. మంచం మీద మనిషి కూర్చుని ఉండేసరికి తాడు జేబులో కుక్కుకున్నాడు.

"మాస్టారయ్యా, ఇప్పుడు నేనేం కొట్టాల? ఆ గంటకి రద్దు గంట లేదు గదా!"

వెనక ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. నవ్వు సద్దుమణిగాక లీలావతమ్మ మొగుడి వైపు తిరిగింది. "చూశారా? కుంపటైతే ఇట్టా జరిగేదా?"

"నేను చెప్పనిదల్లా చెయ్యమన్నానా? హీటరుదేం తప్పు?"

"మీ ఇద్దరూ కాసేపు ఆపుతారా?" అంది నిర్మల. మంచం మీద ఎండపొడ పడుతోంది, చల్లటి గాలి వీస్తోంది. "కుంపటా, హీటరా అని ఇంటిల్లిపాదీ కొట్టుకుంటన్నారు. నీకు చలేస్తందా అని నన్నొక్కరన్నా అడిగారా? ఆ మూసిన గదిలో ఉక్కపోసి చస్తన్నా!"

మాస్టారూ, లీలావతమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ ఒకే విషయంలో పొరబడటం అదే మొదటిసారి. లీలావతమ్మ లోపలికి వెళ్లి పురిటి గది కిటికీలు రెండూ తెరిచి వచ్చింది.

మర్నాటి నుంచి మాస్టారు, కరెంటు ఫ్యాన్లలో ఏది సురక్షితమో ఊళ్లో ఆరా తీయడం మొదలుపెట్టారు.