బండ మీది కాఫీ గింజలు

ఆదివారం పొద్దున్నే మంగ్లు చేత పైపు గురించి మాట ఇప్పించుకోవాలి. కృపావతి అనుకున్నది ఇంతే. కొండవాగు, అదే గెడ్డ, పైన ఉంది, కొత్తగా కొన్న కాఫీతోట కింద ఉంది, మధ్యలో వరసకి తమ్ముడయ్యే మంగ్లు పొలం అడ్డముంది. అతను సరేనంటే నీళ్లు ఇంటికొస్తాయి. కాదంటే పాడేరు ఆస్పత్రిలో నర్సు డ్యూటీ చేసొచ్చి రోజూ బిందెలు మొయ్యాలి. అందుకే మాటసాయానికి ఊరిపెద్ద గాసిని కూడా పిలిచింది.

మొగుడు ధనుంజయ్ లెక్క వేరు. పుట్టింది జి.మాడుగుల దగ్గరే అయినా, హాస్టళ్లలో పెరిగి, విశాఖపట్నం బ్యాంకులో బంగారం తాకట్టు సీట్లో తల నెరిసిన మనిషి. ఎవరైనా గాజు తీసిస్తే ముందు గాజుని కాదు, ఇచ్చినవాడి మొహాన్ని గీటురాయి మీద గీసి చూసేవాడు. ఆ రాయిని బ్యాంకులో వదిలేశాడు గానీ అలవాటుని తోటకి తెచ్చుకున్నాడు.

పనసకొమ్మ మీద తెల్లటి పూలగుత్తి కనిపిస్తే చెట్టు చుట్టూ తిరిగి పరీక్షించాడు.

"దీని వేరు మట్టిలో లేదు. ఎవరో తెచ్చి అంటించారు."

"అది చెట్టు మీదే పూస్తాదండీ, అడివి పువ్వు," అంది కృపావతి.

"ఎవరూ పెట్టకుండానా?"

గట్టు పొడుగునా ఊదాపూలు వరసగా పూస్తే, హద్దు జరపడానికి మంగ్లు నాటిన గుర్తులని తేల్చాడు. మద్దిచెట్టు మీంచి పిల్లంత పెద్ద బెట్టుడుత ఒకటి తోక వేలాడేసుకుని చూస్తే, అది ఎవరి తరఫున చూస్తోందా అని ఆలోచించాడు. పైగా మంగ్లు ఒకరోజు అడక్కుండానే గుమ్మడికాయ తెచ్చిచ్చి నవ్వుతూ వెళ్లాడు. ఊరికే గుమ్మడికాయ ఎవడిస్తాడండీ? ఆ రాత్రి ధనుంజయ్‌కి సరిగ్గా నిద్ర పట్టలేదు.

సరిగ్గా అప్పుడే తోట చివర నల్లబండ మీద కాఫీ గింజలు కనిపించాయి. పైతొక్క లేదు, గుజ్జు లేదు, గింజలు మాత్రం చిన్న కుప్పగా ఉన్నాయి. మర్నాడు ఇంకో కుప్ప, ఆ మర్నాడు ఇంకోటి. పైన చూస్తే కొమ్మలకి పచ్చికాయలే ఉన్నాయి, బాగా పండినవి మాయం. మంగ్లు పళ్లు కోసి, బండ మీద కూర్చుని ఒలిచి, వీలు చూసుకుని పట్టుకుపోదామని దాస్తున్నాడన్నమాట. ధనుంజయ్ ఆ గింజల్ని ఏరి, మట్టి పోయేలా కడిగి, ఎండబెట్టి స్టీలు డబ్బాలో దాచాడు. బండకి ఎదురుగా చెట్టుకి కెమెరా కట్టాడు. అందులో ఏం పడిందో మాత్రం చూడలేదు. తాకట్టు సంచీ సీలు సాక్షుల ముందే విప్పాలనేది అతని ఉద్యోగధర్మం. పెళ్లానికి చెప్తే తిడుతుందని ఆవిడకీ చెప్పలేదు.

ఆదివారం గాసి, మంగ్లు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కృపావతి అందరికీ గ్లాసుల్లో కాఫీ ఇచ్చింది.

"బాగుందప్పా," అన్నాడు మంగ్లు. "మా తోట కాఫీకి ఈ రుచి రాదు. ఇంకాస్త పొయ్యి."

గాసి కూడా గ్లాసు చాపాడు. ధనుంజయ్ తనది ఖాళీ చేసి గొంతు సవరించుకున్నాడు.

"పైపు సంగతి తర్వాత. ముందు తోటలో దొంగతనం సంగతి తేలాలి. దొంగ ఈ అరుగు మీదే ఉన్నాడు."

మంగ్లు చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "ఏటి బావా, నన్నేనా అంటన్నావు?"

"కృపా, పై అరలో స్టీలు డబ్బా ఉంది. పట్రా. సాక్ష్యం అందులో ఉంది."

"ఆ డబ్బా ఖాళీ అండీ. మన తోట మొదటి కాపు ముచ్చటపడి దాచారనుకున్నాను. దంచి, వేయించి, ఇందాకే కాఫీ పెట్టీసేను."

రెండో గ్లాసు అడిగినప్పుడే అనుమానించాల్సింది, అనుకున్నాడు ధనుంజయ్. ముద్దాయి సాక్ష్యాన్ని తాగేశాడు.

మంగ్లు లేచాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి. "మా అప్ప మనూరొచ్చిందని సంబరపడి గుమ్మడికాయ తెచ్చేను. దానికి దొంగనన్నావు. మరి పైపు మాట ఎత్తొద్దు."

కృపావతి మొగుడి వంక చూసిన చూపులో బిందెలన్నీ కనిపించాయి.

"కూకో మంగ్లూ," అన్నాడు గాసి. "బావా, నిందేస్తే రుజువు సెయ్యాల. కాదని తేలితే ఊరందరికీ బోజనం పెట్టాల. అదే మనూరు ఏసే తప్పు, జరిమానా."

"రుజువు ఇంకోటి ఉంది," అని ధనుంజయ్ కెమెరా చిప్ తెచ్చి ఫోన్లో పెట్టాడు. తలలన్నీ దగ్గరికొచ్చాయి.

ముందు బండ ఒక్కటే కనిపించింది. తర్వాత కొమ్మ మీంచి నల్లమూతి, పొడుగుతోక ఉన్న జంతువు దిగింది. మానుపిల్లి, పునుగుపిల్లి జాతిది. పచ్చికాయల జోలికి పోకుండా పండినవి మాత్రమే ఏరుకుని తీరుబడిగా తిన్నది. ఆపైన బండెక్కి, కెమెరాకి వెనక్కి తిరిగి, తోకెత్తి, ఓ చిన్న గింజల కుప్ప పెట్టి వెళ్లిపోయింది.

గాసి గ్లాసు దూరంగా జరిపాడు. కృపావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇలాంటి కాఫీ పెద్దపెద్ద హోటళ్లలో గొప్పగా తాగుతారు," అన్నాడు ధనుంజయ్ నీరసంగా.

"అక్కడ సెప్పి పోస్తారు కదా బావా," అన్నాడు మంగ్లు.

ధనుంజయ్‌కి నిజంగానే సిగ్గేసింది. అరుగు దిగి మంగ్లు రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పయిపోయింది మంగ్లూ. నా మీద కోపంతో మీ అప్ప చేత నీళ్లు మోయించకు."

మంగ్లు బిగబట్టుకుందామనే చూశాడు గానీ ఫోన్లో ఆ తోక మళ్లీ లేచేసరికి వల్లకాలేదు. అరుగు మీద పడి నవ్వాడు.

చిక్కల్లా ఆ తప్పు కట్టడం దగ్గర వచ్చింది. ఆ ఇంట్లో భోజనమనేసరికి ఊళ్లో ఒక్కరూ కదల్లేదు. చివరికి గాసి తీర్పు మార్చాడు. గెడ్డ నుంచి తోటదాకా పైపు కాలవ ధనుంజయ్ ఒక్కడే తవ్వాలి, మంగ్లు పొలంలో కూడా ఒక కుళాయి పెట్టించాలి. అరచేతులు బొబ్బలెక్కేలా తవ్వాడు. కాలవ గట్టున మళ్లీ ఊదాపూలు వరసగా పూశాయి గానీ ఎవరు నాటారని అడగలేదు.

నీళ్లొచ్చాయి. ఆ ఇంటికి ఎవరెళ్లినా ఇప్పటికీ అవే అడిగి తాగుతారు.