ఏడు వందల పది పాయింట్ నాలుగు నిర్మూలన

రోగాన్ని ఇంకా పేరుతోనే పిలవడమేమిటనీ, ఇకపై మా జిల్లాలో నంబరు లేని రోగం ఎవరికీ రాకూడదనీ 1988 ఉగాది నాడు మంత్రిగారు ప్రకటించారు. విలేకరుల్లో ఆ మాట మొదట రాసుకున్నవాణ్ణి నేనే. ఒళ్లు పులకరించింది.

రోగాలకు నంబర్లు వేసే కోడింగ్ ప్రత్యేకాధికారిగా రఘుపతిగారు దిగారు. ఆయన రోగుల్ని చూడరు, రిజిస్టరే చూస్తారు. అంత ఏకాగ్రత నేను మరెక్కడా ఎరగను. మూడు నెలల్లో దగ్గు, చీముగడ్డ, కుక్కకాటు అన్నీ అంకెలైపోయాయి.

ఆత్మకూర్ వైపు నుంచి మా దవాఖానకు వచ్చే ఖాదర్‌బీకి 710.4 దక్కింది. కండరాలు వాచి భుజాలూ తొడలూ పట్టు తప్పే జబ్బు. తల దువ్వుకోలేదు. సైకిళ్లు బాగుచేసే భర్త నూరుద్దీన్ దువ్వి జడ వేస్తాడు. నెలనెలా ఇక్కడిచ్చే గోళీలతోనే నాలుగడుగులు వేస్తోంది. ఒంటి మీద మచ్చలు కూడా ఉంటే 710.3 అవుతుందట. మచ్చలున్నాయో లేవో తేల్చమని రఘుపతిగారు హైదరాబాదుకు మూడు ఉత్తరాలు రాశారు. ఎదురుగా కూర్చున్న ఆమెను మాత్రం అడగలేదు.

డిసెంబరులో మంత్రిగారు సమీక్షకు వచ్చారు. షామియానా వేసి, రోగుల్ని నంబర్ల వారీగా కూర్చోబెట్టారు. 710.4 వరుసలో ఒకటే కుర్చీ. ఒక్క రోగమైనా పూర్తిగా పోయిందని వినేదాకా కదలనని మంత్రిగారు పట్టుబట్టారు. రఘుపతిగారు మైకు అందుకుని, ఒక్కో నంబరూ చదువుతాననీ, ఇంకా తగ్గనివాళ్లు చేతులెత్తాలనీ అన్నారు. ఎవరూ చెయ్యెత్తని నంబరు కొట్టేస్తారు, ఒకటో తారీఖు నుంచి దాని మందులూ ఆగిపోతాయి.

జ్వరాలవాళ్లు ఎత్తారు. కుక్కకాటువాళ్లు రెండేసి చేతులెత్తారు. 710.4 దగ్గర ఒక్క చెయ్యీ లేవలేదు.

“లేస్తలేదు సార్,” అంది ఖాదర్‌బీ. “చెయ్యి లేవకపోవుడే నా బీమారి.”

నోటిమాట రిజిస్టరుకెక్కదని రఘుపతిగారు ఓపిగ్గా వివరించారు.

నూరుద్దీన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టి పైకెత్తాడు. “గిప్పుడు రాస్కోండ్రి సార్. గోళీలు బంద్ చేస్తే మంచం పడ్తది.”

రఘుపతిగారు తొలిసారిగా రిజిస్టరు మీంచి తలెత్తి ఆమెను చూశారు. “లేచింది కదా,” అన్నారు. “తగ్గినట్టే.”

మంత్రిగారు చప్పట్లు కొట్టారు. కుక్కకాటువాళ్లు కూడా కొట్టారు. గుమాస్తా జానయ్య ఎర్ర సిరాతో 710.4 మీద గీత గీశాడు. నా కళ్లు చెమర్చాయి. ఎందుకన్నది రిపోర్టులో రాయలేదు. చెయ్యి లేచినప్పుడు తీసిన ఫోటో మాత్రం పంపాను.

మర్నాడు మొదటి పేజీలో వేశారు. ‘రోగం పోయిన ఆనందంలో చెయ్యెత్తి మంత్రిగారికి కృతజ్ఞతలు తెలుపుతున్న ఖాదర్‌బీ.’ జాగా చాలక నూరుద్దీన్‌ను కత్తిరించారు. ఆమె మోచేతి కింద అతని నాలుగు వేళ్లు మిగిలిపోయాయి.