తనిఖీకి వేసిన రంగు

ఆ శుక్రవారం పొద్దున రమకు ఉన్న పని ఒక్కటే. ఎర్ర స్కూటీ మీద పదకొండింటికల్లా రవాణా ఆఫీసుకు చేరాలి. బండికి మహారాష్ట్ర నంబరు తీయించి తెలంగాణ నంబరు, లైసెన్సులో చంద్రపూర్ తీయించి గోదావరిఖని చిరునామా వేయించుకోవాలి. మధ్యాహ్నం బువ్వ వేళకు ఇంట్లో ఉండాలి. కాగితాలన్నీ ముందు రోజే కవరులో సర్దిపెట్టుకుంది.

పని చిన్నదే గానీ దానికి ఆమె ఉద్యోగం ముడిపడి ఉంది. జైపూర్ దగ్గర ఒక ప్లాంటు దవాఖానలో సోమవారం పొద్దున ఆరింటికి నర్సుగా చేరాలి. ఆ వేళకు బస్సు లేదు. బయటి రాష్ట్రం బండికి గేటు పాసు ఇవ్వరు. కనీసం నంబరు మారుతున్నట్టు రసీదైనా చూపించాలి. ఇప్పటికే రెండుసార్లు ఆఫీసు నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఫుట్‌బోర్డు కింద ఇనుములో చెక్కిన చాసిస్ నంబరు మీద దుమ్ము, తుప్పు పేరుకుపోయాయి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే నల్ల మచ్చ తప్ప ఒక్క అంకె పడలేదు. చంద్రపూర్ నుంచి తెచ్చిన నిరభ్యంతర పత్రానికి గడువు కూడా ఈ రోజుతో సరి.

"రేపు గిట్ల తనిఖీల పాస్ కాకుంటే నౌకరి పోయినట్టే అత్తమ్మా" అని గురువారం సాయంత్రం అత్త సారక్కతో అంది. ఆ మాట మామ సదయ్య చెవిన పడింది. కొంప అక్కడే మునిగింది.

సదయ్య బొగ్గుగని కంపెనీలో ముప్పై రెండేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. తనిఖీ అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. సేఫ్టీ వాళ్లు వస్తున్నారంటే పంపులకు, పైపులకు, మెట్లకు, ఆఖరికి దారి పక్క రాళ్లకు కూడా రంగు పడాల్సిందే. రంగు పడ్డది ఏదీ ఫెయిలైనట్టు ఆయన ఎరగడు. కోడలి బండి రెండుసార్లు ఎందుకు వెనక్కి వచ్చిందో ఆయనకు ఇట్టే అర్థమైపోయింది.

ఎనిమిదింటికి రమ బయటికి వచ్చేసరికి వాకిట్లో పచ్చటి పసుపు రంగు బండి ఒకటి నిలబడి ఉంది. దానికి రెండు వైపులా నల్ల అక్షరాలతో 'భద్రతే ప్రథమం' అని రాసి ఉంది.

"ఎట్లుంది బిడ్డా? తెల్లారకముందే మొదలువెట్టిన. కిందున్న తుప్పంత గరుకు కాయితంతోని గీకి వేసిన. గీకకుంట రంగేస్తే అది ఫిట్టర్ పని గాదు" అన్నాడు సదయ్య, చేతులు తుడుచుకుంటూ.

రమ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. సారక్క వెనకే వచ్చింది. "ఏందయ్యా గిది! బుద్ధి గడ్డిదిన్నదా నీకు? కాయితాలల్ల ఎర్రబండి అని ఉంటది గదా!"

"ఎర్రది డేంజర్ రంగే. పసుపైతే దూరంకెల్లి గూడ కండ్లవడ్తది" అన్నాడాయన, కొంచెం చిన్నబుచ్చుకుని.

ఆయన ముఖం చూసి రమకు కోపం కూడా సరిగ్గా రాలేదు. ముసలాయన నిద్ర మానుకుని చేసిన పని మరి. సారక్క అటక మీద దాచిన కిరోసిన్ సీసా దించింది. రంగు డబ్బా మీద ఆయిల్ పెయింటు అని ఉంది కాబట్టి ఇద్దరూ గంటసేపు కిరోసిన్ గుడ్డతో రుద్దారు. రంగు చేతులకు కాస్త అంటింది గానీ బండి మీంచి పోలేదు. బండి నిండా కంపు మాత్రం పట్టింది. టైము మించిపోతోంది. సీటు మీద తువ్వాలు పరిచి, ఏ దేవుడైనా దిక్కని రమ బయల్దేరింది.

దారిలో గని గేటు ముందు గార్డు ఎల్లన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగక్కా! గిది కంపెనీ రంగు. కంపెనీ రాత. కంపెనీ బండి నీ దగ్గెరకెట్లొచ్చింది?"

"కంపెనీల స్కూటీలు యాడివన్నా? మా మామ వేసిండు."

"రంగు డబ్బా యాడిది మరి?"

నలుగురు పోగయ్యారు. రమ మామకు ఫోను కలిపి ఇస్తే, "రంగు డబ్బా యాడిది?" అని ఎల్లన్న గద్దించాడు. అవతల సదయ్య గొంతు అందరికీ వినబడింది. "ఓ ఎల్లన్నా! నేను రిటైరైన నాడు పెయింటర్ నాకు దోస్తానకిచ్చిన డబ్బరా అది! అటకెక్కిచ్చి మరిచిపోయిన!"

"నువ్వా సదన్నా!" అని ఎల్లన్న మెత్తబడ్డాడు. ఆ తర్వాత కుశలాలు మొదలయ్యాయి. మోకాళ్ల నొప్పులదాకా వచ్చేసరికి అరగంట గడిచింది.

ఆఫీసులో ముందు లైసెన్సు పని అయింది. కెమెరా ముందు కూర్చోబెట్టి ఫోటో తీసి, సంతకం చేయించి పంపేశారు. తర్వాత బండి దగ్గరికి ఇన్‌స్పెక్టరు పట్టాభిరామయ్య వచ్చాడు. కృష్ణా జిల్లా మనిషి, నిదానస్తుడు. కాగితం చూశాడు, బండి చూశాడు, మళ్లీ కాగితం చూశాడు.

"ఇదేంటమ్మా? దీన్లో ఎరుపని ఉంది. రంగు మార్పించామని చంద్రపూర్లోనే రాయించుకు రావాలి. నేనేం చెయ్యలేనమ్మా."

రమకు ఏడుపు ఆగలేదు. "సార్, సోమవారం డ్యూటీల చేరాలె సార్. ఇయ్యాల్టితోని గడువైపోతది" అంటూ అక్కడే నిలబడిపోయింది.

అంతలో ఎవరో బీడీ ముట్టించుకుంటూ బండి పక్కన ఆగాడు. ఆ పక్కనే చాయ్ అమ్ముకునే పూలమ్మకు కిరోసిన్ కంపు అప్పటికే ముక్కు పగలగొడుతోంది. "వామ్మో, అంటుకుంటదిరో!" అని అరుస్తూ గ్లాసులు కడిగే నీళ్ల బకెట్టు ఎత్తి బండి మీద ఒక్కసారిగా కుమ్మరించింది. చాలక ఇంకొకటి కుమ్మరించింది.

పసుపు రంగు ధారలు కట్టి నేలకు జారింది. ఆయిల్ పెయింటు డబ్బాలో పెయింటరు పోసి ఇచ్చింది రాళ్లకు వేసే నీళ్ల రంగు. కిరోసిన్‌కు లొంగనిది చాయ్ గ్లాసుల నీళ్లకు లొంగింది. 'భద్రతే ప్రథమం' కూడా కాలువలోకి పోయింది. అడుగున ఎర్ర స్కూటీ తేలింది.

పట్టాభిరామయ్య వంగి ఫుట్‌బోర్డు కిందికి చూశాడు. సదయ్య గీకిన చోట ఇనుము తళతళలాడుతోంది. చెక్కిన అంకెల సందుల్లో మాత్రం పసుపు ఇరుక్కుని నిలిచింది. పలక మీద రాసినంత స్పష్టంగా ఉన్నాయి అంకెలు.

"నా సర్వీసులో ఇంత శుభ్రమైన నంబరు చూళ్లేదమ్మా" అని, కళ్లజోడు పెట్టుకోకుండానే చదివి సంతకం పెట్టాడు.

సాయంత్రం ఇంటి గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు సదయ్య. రమ రసీదు ఆయన చేతిలో పెట్టి, "పాసైంది మామా. నీ వల్లనే" అంది. పొద్దుటి నుంచి ఆమె మనస్ఫూర్తిగా అన్న మాట అదొక్కటే.

"నేనేమన్న? రంగు వడ్డది ఫెయిల్ గాదు" అని సదయ్య సారక్క వైపు చూశాడు.

సారక్క మాత్రం కోడలి ముఖంకేసి చూస్తోంది. "అది సరే గనీ, చెంప మీద గంత పసుపేంది బిడ్డా? పొద్దుగాల సంది గట్లనే ఉన్నదా?"

రమ చెంప తడుముకుంది. ఆఫీసులో తీసిన ఫోటో గుర్తుకొచ్చింది.

బండి మీది కంపెనీ రంగు పూటలో పోయింది గానీ, లైసెన్సు ఫోటోలోది ఇంకా పదేళ్లు చెల్లుతుంది.